మూడోసారికి ముందు

మామిడి మండీలో దాన్ని కూడా పాట అనే అంటారు.
ఎవరెంత పాడారో రాసుకునే గుమస్తాను నేను.
పాడించేది అతను.

మునిరత్నం.
క్యాసెట్ కంపెనీవాళ్లు మునిని కత్తిరించి
మాస్టర్ అతికించారు.
నలభై రెండేళ్లొచ్చినా
దామలచెరువు హమాలీలకు ఇంకా మాస్టరే.

తొమ్మిదో తరగతిలో నా లెక్కల నోటుకి
అతని మొహమే అట్ట.
వెండి పూసల కోటు, బుగ్గన సొట్ట.
ఆ సొట్ట మీద మడత పడకుండా
ఎన్నిసార్లు విప్పి వేశానో.
గ్రీమ్స్‌పేట నుంచి ముగ్గురం ఉత్తరాలు రాస్తే
ముగ్గురికీ ఒకే సంతకం అచ్చేసి పంపారు.
వారం రోజులు మేం మాట్లాడుకోలేదు.

తర్వాత ఆ గంగజాతర.
రెండో చరణంలో, పై షడ్జం దగ్గర
గొంతు మేకపిల్లలా చీలింది.
పదిహేనేళ్లు. ఏ మగపిల్లాడికైనా జరిగేదే.
మామూలుగా ఇంట్లో జరుగుతుంది,
అమ్మ నవ్వుతుంది.
అతనికి చిత్తూరంతా చూస్తుండగా జరిగింది.
మైకు జనం వైపు తిప్పాడు.
మిగతాదంతా జనమే పాడేశారు, హుషారుగా,
ఇక అతను అక్కర్లేనట్టు.

కొన్నాళ్లు ఆర్కెస్ట్రా. కొన్నాళ్లు ఎన్నికల జీపు,
అన్నానికి ముందొక పార్టీ, తిన్నాక ఇంకో పార్టీ.
వాళ్ల నాయన కొన్న కారు ఏమైందో
నేనడగలేదు.

మొన్న వేలూరు లారీ డ్రైవరు పాత టేపు పెట్టాడు.
క్రేట్ల సందుల్లోంచి ఆ పిల్లగొంతు
పచ్చికాయ సొనలా చురుక్కుమంది.
నా పెన్ను ఆగింది.
అతను టీ గ్లాసు దించకుండానే విన్నాడు.
"బాగానే పాడినాడు పిల్లోడు.
ఊపిరి యాడ దాచుకోవాల్నో
ఎవురూ చెప్పినట్టు లేదు" అన్నాడు,
పక్కింటోళ్ల కొడుకు గురించి చెప్పినట్టు.

నీలం, ముప్పై క్రేట్లు.
ఒకటోసారి.
రెండోసారి.
మూడో
దగ్గర ఆగుతాడు.

ఇన్నాళ్లూ అక్కడ దాచుకున్నాడు ఊపిరి.
తూకం ముల్లు కూడా కదలదు.
తంబురా ఆపేశాక గదిలో మిగిలేది ఏదో
ఈ రేకుల షెడ్డు కింద, ఈగల మధ్య
ఒక్క క్షణం నిలబడుతుంది.
కొనేవాడి చెయ్యి దానంతటదే లేస్తుంది.
కిలోకి ఇంకో రూపాయి.

అందుకే ఐరాల రైతులు
అతని వంతు వచ్చేదాకా సరుకు దించరు.

ఆ రూపాయి రైతు ఖాతాలోనే రాస్తాను.
రాస్తూ రాస్తూ ఒక్కోసారి
నోటు అట్ట గుర్తొచ్చి చెయ్యి నెమ్మదిస్తుంది.
అతను విసుక్కుంటాడు:

"పాట అయిపొయ్యింది మా.
రాయి."