ఇరవయ్యో తారీఖు

సుల్తాన్ బజార్‌లో మూడో అంతస్తు.
ఇవాళ ఇరవై. జీఎస్టీ రిటర్నుకు ఆఖరు రోజు.
అప్పిచ్చినవాడు గుమ్మం ముందు తిరిగినట్టు
సర్వర్ తిరుగుతూనే ఉంది.

చాయ్ పెట్టి ఫర్హీన్ వెళ్లిపోలేదు.
ఫోను నా ముందుకు చాపింది.
"అంకుల్, ఆప్షన్లకు రాత్రి దాకనే టైం.
బీకాం జనరలా, కంప్యూటర్సా, ఆనర్సా?
పక్కన సీఏ కూడా చదవొచ్చంటున్నరు.
ఏది పెడితే నౌకరీ వస్తది?"

నౌకరీ.
ఆ మాటకు నా బల్ల వైపే చూసుకున్నాను.
ఏడు అంకె అరిగిపోయిన కాలిక్యులేటర్,
చీరల కొట్టు బిల్లులు కుక్కిన సంచి,
పోయినేడాది క్యాలెండర్.
సీఏ రెండో గ్రూపు నాలుగుసార్లు రాశాను.
నాలుగోసారి ఫలితం చూడనేలేదు.
సైటు తెరుచుకోలేదని మా నిర్మలతో చెప్పాను.
ఇప్పటికీ అదే చెబుతాను.

ఏం చెప్పను ఈ పిల్లకు?
ఆర్టికల్‌షిప్‌లో చేతికొచ్చేది
బస్ పాసుకూ సాయంత్రం మిర్చి బజ్జీకీ సరి అనా,
హైటెక్ సిటీ అద్దాల మేడలో
ఏ దేశం వాళ్ల పద్దులో
రాత్రంతా మేలుకుని రాయాలనా,
లేక నాలాగా
ప్రతి నెలా ఇరవైకి ఊపిరి బిగబట్టి
ఇరవై ఒకటిన వదలాలనా?
అన్నీ నిజాలే. ఏదీ జవాబు కాదు.

ఒక్క రాత్రి సంగతి మాత్రం చెప్పాను.
దుప్పట్ల కొట్టు లెక్క. ఇరవై ఏడు రూపాయల తేడా.
"ఇతర ఖర్చుల్లో వేసెయ్యవయ్యా" అన్నాడు షావుకారు.
వెయ్యలేకపోయాను.
తేడా తొమ్మిదితో తెగితే
ఎక్కడో అంకెలు తలకిందులైనట్టు,
మా సీనియర్ దయాకర్ గారు నేర్పిన కిటుకు.
తెల్లవారుజామున దొరికింది,
అరవై మూడు, ముప్పై ఆరై కూర్చుంది.
నాకు పైసా ఎక్కువ రాలేదు.
ఆ పొద్దున మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగాను.
నలభై ఎనిమిది. అన్నీ ఉన్నాయి.

"నీకెప్పుడైనా అట్లా అయిందా?" అన్నాను.

ఫర్హీన్ బదులివ్వలేదు.
వాళ్ల అబ్బా చేతిరాత ఉన్న చాయ్ ఖాతా తీసి
పేజీ మీద వేలు నడిపింది.
"ఈ నెల మీరు పంతొమ్మిది అంటున్నరు గానీ
ఇరవై ఒకటి అయినయ్ అంకుల్.
పోయిన మంగళవారం మీ దగ్గరికి ఇద్దరొచ్చిండ్రు.
ఒకాయన చక్కెర లేకుండ తాగిండు."

పర్సు తీశాను.
చిల్లర లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి,
ఖాతాలో గీత కొట్టి, అక్కడే నిలబడి
ఫోను మీద వంగింది.
ఏది నొక్కుతుందో చూద్దామనుకునేలోగా
సర్వర్ తెరుచుకుంది,
నాకు ఓటీపీ వచ్చింది.