సున్నపు గీత

బల్లార్షాల కాగితం మేమే చేస్తం.
బెట్టింగు లెక్కలు మాత్రం
గణపత్ పాన్‌ఠేలా ఎనుక
సిగరెట్ డబ్బా అట్టల మీదనే రాస్తరు.

ఆ రాత్రి, సముద్రం అవతల ఏదో మైదానంల
వాడు ఉరికొచ్చి బంతి ఏసిండు.
కాలు గీత దాటింది.
ఇంచు కాదు, రెండించులు కాదు,
జానెడు!
కామెంట్రీ ఆయన "అయ్యో, పొరపాటు" అన్నడు.
పదకొండేండ్ల సంది
కాలరీ గ్రౌండ్ల అంపైర్ని నేను.
పొరపాటు అంత పొడుగుండదు.

ఠేలా కాడ ఒక్కడే నవ్విండు,
నాగ్‌పూర్ నుంచి ముందే ఫోనొచ్చినోడు.
బానయ్య నవ్వలే.
పల్ప్ సెక్షన్ల రెండు నెల్ల ఓవర్‌టైం,
సొసైటీల ఎత్తిన లోను,
అంతా ఆ ఒక్క ఓవర్ మీదనే.
తెల్లారి కాజీపేట పాసింజర్ ఎక్కి
వార్ధా వంతెన దాటిండట.
ఇంకో నాలుగు టేషన్లయితే తెలంగాణ,
మన భాషే.
అప్పులోళ్లకు గూడ వస్తది ఆ భాష.

ఆదివారం పొద్దుగాల
పాత రంగుడబ్బాల సున్నం కలిపి గీత గీసిన.
దిన్‌కర్ గెడామ్ చిన్నకొడుకు,
కాళ్లకు చెప్పుల్లేవు,
ఉరికొచ్చి ఏసిండు.
చెయ్యి లేపిన.
"ఆయ్ శప్పత్ కాకా, దాటలే!"
ముక్కు చీదుకుంట ఏడ్సిండు.

వంగి చూసిన.
తడి సున్నం అవతల
తెల్లగ బొటనేలి అచ్చు,
చింతగింజంత.

నో బాలే.
మాట మార్చలే నేను.
కానీ సాయంత్రం దాక
ఆ ఒక్క కాడ
గీత మళ్ల దిద్దలే.