గురువారం రిజిస్టరు

నలభై ఏళ్లు లాలాగూడ వర్క్‌షాపు స్టోర్స్‌లో
నట్లూ బోల్టులూ లెక్క రాసిన చెయ్యి ఇది.
ఒక్క వాషర్ తక్కువైతే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు.
రిటైరయ్యాక పాస్టరమ్మ పిలిచి
పొడుగాటి రిజిస్టరొకటి చేతికిచ్చింది.
"అంకుల్, గురువారాలు మీరు పేర్లు రాయండి, చాలు."

చర్చి వెనక, గంట తాడు వేలాడే వైపు
కిటికీ ఊచకి ట్యూబ్‌లైటు కట్టిన చోట నా బల్ల.
సికింద్రాబాద్ స్టేషన్ దిక్కు నుంచి ఒక్కొక్కరే వస్తారు,
పదో నంబరు ప్లాట్‌ఫారం మెట్ల కింద నుంచి,
మెట్రో పిల్లర్ల నడిమి నుంచి,
కల్లు కాంపౌండు గోడ నీడలోంచి.
అది కల్లు కాదు, నిద్రమాత్రల నీళ్లని అందరికీ తెలుసు.
మూడ్రోజులు దొరక్కపోతే
మెడ ఒక పక్కకి లాగేసి, నాలుక మడతపడి
గోడతో మాట్లాడతారు.
కుర్రాళ్లయితే జేబురుమాల్లో వైట్‌నర్,
పంక్చర్ సొల్యూషన్ ట్యూబు.
వేరే గాలి లేనట్టు పీలుస్తారు.

ముందు స్నానం. పైపు పట్టేది గిద్యోను,
నిరుడు ఇదే వరసలో నిలబడ్డవాడు.
తర్వాత పుండ్లకి కట్టు. ఆ తర్వాతే అన్నం, టమాటా పప్పు,
స్త్రీల మైత్రివాళ్లు పెట్టిన మామిడి తొక్కు.
ఎర్రగడ్డ ఆసుపత్రికి వస్తానన్నవాళ్లకి
శుక్రవారం పొద్దున ఆటో.
గురువారం రాత్రి ఏడుగురు వస్తామంటారు.
శుక్రవారం ఆటోలో డ్రైవరూ, పాస్టరమ్మా.
ఎప్పుడో ఒకడు.

"పెళ్లి బుకింగులు పోతున్నాయి" అన్నాడు కమిటీలో ట్రెజరరు.
"చెప్పులు కూడా" అన్నారు ఇంకొకరు.
పోయింది నా చెప్పులే.
నేను మాట్లాడలేదు.

ముప్పై ఒకటో టోకెన్‌వాడు వారానికో పేరు చెప్పేవాడు.
ఒకసారి షరీఫ్, ఒకసారి బాలరాజు,
ఒకసారి ఎవరో క్రికెట్ ఆటగాడు,
ఒకసారి రిజిస్టరు అట్ట మీద చూసి
నా పేరే, జెఫన్యా.
"అబద్ధం కదరా?"
"రాయి తాతా, కాయితమే గదా."
పెదాల చుట్టూ తెల్లటి పొక్కులు, పైన నవ్వు.
స్టోర్స్‌లో అయితే దొంగ ఎంట్రీ కింద మెమో ఇచ్చేవారు.
రాశాను.
డెబ్బై దగ్గర పడ్డాక తప్పు రాయడం నేర్చుకున్నాను.

ఒక సోమవారం రైల్వే పోలీసుల ఫోను.
పట్టాల పక్కన శవం,
చొక్కా జేబులో మీ చర్చి టోకెను. ముప్పై ఒకటి.
గాంధీ మార్చురీకి పోయాను, చంకలో రిజిస్టరు.
కానిస్టేబులు పెన్ను మూత తీసి పేరడిగాడు.
నా దగ్గర తొమ్మిది పేర్లున్నాయి.
వాటిలో ఒకటి నాది.

గుడ్డ తీశారు.
వాడు కాదు.
యాభై దాటిన మనిషి, చెవి మీద పాత కుట్లు.
"స్తోత్రం ప్రభువా" అనేశాను, పైకే.
ఆ చల్లటి గదిలో ఆ మాట ఎక్కడికీ పోలేదు,
ఆ మనిషి మొహం మీదే పడింది.
బయటికొచ్చి చాలాసేపు
పంపు దగ్గర నోరు పుక్కిలించాను.

గురువారం వాడొచ్చాడు,
ఎవరో పడేసిన ఆడవాళ్ల స్వెట్టరు తొడుక్కుని.
"నీ చొక్కా ఏదిరా?"
"ముసలాయన చలికి వణుకుతుండె, ఇచ్చిన. ఎందుకు తాతా?"
"ఊరికే."
"పేరు?"
పెన్ను కేసి చూస్తూ నిలబడ్డాడు.
"ఇయ్యాల ఏం యాదికొస్తలేదు. తొక్కున్నదా?"
ఉందన్నాను.

ముప్పై ఒకటి ఎదురుగా గడి ఖాళీగా వదిలేశాను.
దాని పైన, సోమవారం తేదీ వేసి
ఇంకో గడి అలాగే ఉంది.
ఆ పేజీ టోటల్ వెయ్యలేదు.

వాడు తినే చోటికి పోయి
"రేపు ఆటో ఆరింటికి" అన్నాను, ఎప్పటిలాగే.
నోటినిండా అన్నముంది.
తల ఊపాడో, నమిలాడో
ఆ వెలుతురులో తెలియలేదు.