పడే చోటు

నా పని నేలని గట్టి చెయ్యడం.
ఇరవై రెండేళ్లుగా పర్లాకిమిడిలో
ఎవరింటి చప్టా చూసినా
ఏదో ఒక మూల నా తాపీ మెరుపు ఉంటుంది.
దిమ్మిస వేసి, నీళ్లు పట్టి, మళ్లీ దిమ్మిస వేసి...
గోలీ వదిలితే ఎటూ దొర్లకూడదు, అదీ నా లెక్క.

మొన్న దండాసి పాత గొట్టాలన్నీ అతికించి
మా పెరట్లో ఇనుప కోతికొమ్మ నిలబెట్టాడు.
ఆరడుగుల ఎత్తు, చిలకపచ్చ రంగు,
పైన అడ్డకమ్మీకి వేలాడటానికి రెండు కడియాలు.
రంగు ఆరకముందే మా జోస్న మూడో మెట్టు మీదుంది.
కింద నేను పోసిన చప్టా
తళతళలాడుతూ.

నా పనిని చూసి నాకే భయమేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టక
ఒక దోసకాయ పట్టుకుని కమ్మీ ఎక్కాను.
పైనుంచి వదిలాను.
గింజలు గోడదాకా వెళ్లాయి.

గరిక వెయ్యమన్నాడు బెహరా మాస్టారు.
వెయ్యొచ్చు. కానీ పిల్లల కాళ్లు దిగే చోట
గరిక నెల్లాళ్లు ఆగదు,
దాని కింద మట్టి నా దిమ్మిసకన్నా బిగుస్తుంది.
బరంపురంలో రబ్బరు పలకలున్నాయంటే వెళ్లి
ధర అడిగి, టీ తాగి, తిరిగొచ్చాను.
ఊక పొయ్యిరా, అంది అమ్మ.
తనకి ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని
తనని చేటలో పెట్టి తవుడుకి మారిచ్చి
తవిటమ్మ అని పిలుచుకున్నారు.
పొట్టు మీద పడ్డ ప్రాణం పోదని ఆవిడ నమ్మకం.
మాట తీసెయ్యలేక రెండు బస్తాలు పోశాను.
దోసకాయ మెత్తగానే కూరుకుంది గానీ
సాయంత్రం గాలికి సగం ఊక
పక్కింటివాళ్లు ఆరబెట్టిన పప్పులో పడింది.
వానొచ్చాక మిగతాది కంపు.

అప్పుడు ఏటికి వెళ్లాను.

మహేంద్రతనయ ఇసక నాకు కొత్తా?
గుప్పెట్లో నలిపి కరకర వింటే చాలు,
గోడకో గిలాబాకో చెప్పేస్తాను.
అంచులున్న ఇసకే సిమెంటుని పట్టుకుంటుంది.
గుండ్రంగా అరిగిపోయి వేళ్లసందుల్లోంచి జారేదాన్ని
దేనికీ పనికిరాదని
ఎన్ని బళ్లు వెనక్కి పంపానో.
ఈసారి దాన్నే వెతికాను.
ఒకదాన్నొకటి పట్టుకోని ఇసక.
ఏ గోడనీ నిలబెట్టలేని ఇసక.
పిల్ల పడితే పక్కకి జరిగి చోటిచ్చేది.
"తలకాయ బాగుందా మేస్త్రీ?"
అన్నాడు బండి లింగరాజు.

చప్టా పగలగొట్టడానికి రెండ్రోజులు పట్టింది.
గట్టిగా పోశాను కదా మరి,
సుత్తి ఎగిరి నా మీదికే వచ్చేది.
జానెడు చాలదని మూరెడు తవ్వాను,
చుట్టూ ఆరేసి అడుగులు, నీళ్లు దిగే వాలుతో.
జల్లెడ పట్టాను. గాజుపెంకు, మేకు, నత్తగుల్లలు.
రాత్రిళ్లు పిల్లులు రాకుండా పాత టార్పాలిన్.
వారానికోసారి గొర్రుతో తిరగెయ్యాలి,
మరిచిపోతే
అది కూడా నేలైపోతుంది.

ఆదివారం కడియం మీంచి చెయ్యి జారింది.
దభేలుమనలేదు. బస్తా దించినట్టు ఒక నిట్టూర్పు, అంతే.
నేను పరిగెత్తేలోపే నోటినిండా ఇసకతో లేచి
"పడిగలి!" అంది, నవ్వుతూ.
బళ్లో పట్టుబడిన ఒడియా.
ఇసకని బాలి అంటుంది, నీళ్లని పాణి అంటుంది.
పడటం మాత్రం పాతపట్నం వంతెనకి
అటూ ఇటూ ఒకటే మాట.

ఇసకలో తను పడ్డ గుంట మిగిలింది,
ఒక మోచెయ్యి, ఒక తుంటి, చెదిరిన జడ.
చెయ్యి అలవాటుగా తాపీ కోసం తడుముకుంది.
దాన్ని జేబులో పెట్టుకుని
ఎత్తుపల్లాలు అలాగే వదిలేసి
లోపలికి వెళ్లాను.

కూర ఇవాళా దోసకాయే.