తోకచుక్క

ట్రామ్సోలో డిసెంబరు.
పగలే చుక్కలు కనబడడం ఇక్కడ కష్టమేం కాదు,
మధ్యాహ్నం మూడింటికి బస్టాపులో నిలబడితే చాలు.

నేను వెతికే చుక్క వేరు.
మా అంకెల్లో పూర్ణానికీ భిన్నానికీ నడుమ
చుక్కకు చిన్న తోక తగిలిస్తారు.
తోకచుక్క కనబడితే అరిష్టమని ఎవరన్నారో గాని
కనబడకపోతేనే నాకు గుండె జారుతుంది.

ఇవాళ్టి చీటీ:
బెరిత్ కొడుకు. ఇంకా పేరు లేదు.
ఆరో రోజు. ఏడువందల నలభై గ్రాములు,
కిలో చక్కెర పొట్లంలో నాలుగోవంతు అప్పుడే వాడేసినట్టు.
పొటాషియం: పదిహేను.

పదిహేనా?
వేలు కింద పెట్టి మళ్లీ చదివాను.
ఒకటికీ అయిదుకీ మధ్య కాగితం
తెల్లగా, అమాయకంగా ఉంది.

"టూరున్‌ని, మందుల గది నుంచి.
మీ తోకచుక్క రాలిపోయింది డాక్టర్."
అవతల కాఫీ కప్పు బల్లమీద పెట్టిన చప్పుడు.
చాలాసేపు ఇంకేమీ లేదు.
తర్వాత రాత్రంతా నిద్రలేని గొంతు:
"ఒకటిన్నర. ఒకటిన్నర."
నేనేమీ అనలేదు. నా చేతులూ ఒకసారి...
ఆ సంగతి ఇప్పుడొద్దు.

గౌను, టోపీ, రెండు జతల తొడుగులు.
అద్దం వెనక గాలి ఒకే వైపుకి నడుస్తుంది.
ముందు ఫాస్ఫేటు, అన్నిటికన్నా చివర కాల్షియం.
తొందరపడి రెంటినీ ముఖాముఖి నిలబెడితే
పాలు విరిగినట్టు సంచిలో తెల్లటి నలుసులు.
దారప్పోగంత నరానికి ఒక్క నలుసు చాలు.

వీసమెత్తు జింకు. అందులో వీసమెత్తు సెలీనియం.
బొడ్డుతాడు లెక్క చూడకుండా ఇచ్చేదాన్ని
నేను లెక్క కట్టి, సంతకం పెట్టి,
ఇంకొకరిచేత కూడా పెట్టించి పంపుతాను.
నల్ల అట్ట ముందు పట్టి చూశాను,
తెల్ల అట్ట ముందు పట్టి చూశాను.
తేటగా ఉంది.

వాణ్ణి నేనెప్పుడూ చూడలేదు.
మూడంతస్తుల పైన ఉంటాడు.
నాకు తెలిసిందల్లా చీటీ పైమూల అంకె:
ఏడువందల ముప్ఫై.
ఏడువందల ముప్ఫై.
ఏడువందల అరవై ఒకటి. ఆ రాత్రి అన్నం దగ్గర
"ముప్ఫై ఒకటి పెరిగాడు" అన్నాను.
ఎవరని అడగలేదు మా ఆయన.
తొమ్మిదివందలు.
ఆ తర్వాత ఒకటి, తోకచుక్క, సున్నా, నాలుగు.

జనవరిలో ఒక పొద్దున చీటీ రాలేదు.
పైకి ఫోను చెయ్యలేదు.
అడగడానికి ఏ మాటా సరైన మోతాదులో దొరకలేదు.
సిరంజీలు లెక్కపెట్టాను. ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాశాను.
లెక్కపెట్టిన సిరంజీలే మళ్లీ లెక్కపెట్టాను.

పదిన్నరకి వచ్చింది.
సంచి కాదు, చిన్న బుడ్డి అడిగారు.
కెఫీను చుక్కలు, నోటి ద్వారా,
నిద్రలో ఊపిరి తియ్యడం మరిచిపోకుండా.
ఆ డాక్టరు కప్పులో ఉండే సరుకే.
మిగతాదంతా తల్లిపాలట.

లేబులు అచ్చువేస్తే పేరు పట్టలేదు.
"బెరిత్ కొడుకు" సరిపోయిన చోట
ఐలు మత్తిస్ యోవ్నా గౌప్.
అక్షరాలు రెండు సైజులు తగ్గించాను.
అంకెల్ని మాత్రం ముట్టుకోలేదు.