చెత్త అనే ఫోల్డరు

గురువారం ఆపరేషన్.
సోమవారం పొద్దున్నే, గచ్చిబౌలిలో మా నాలుగో అంతస్తుకి
గొంతు తీసుకొని వచ్చాడు బుచ్చిరాములు,
బాకీ కట్టడానికి వచ్చినవాడిలా.
చంకలో రెడ్‌హిల్స్ ఆసుపత్రి ఫైలు.
పక్కన అండాలు, ఆమె చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు.

ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీ కండక్టరు.
సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా
రోజుకెన్నిసార్లు రైట్ అన్నాడో
ఆ లెక్క ఏ డిపోలోనూ లేదు.

మూడు వందల వాక్యాలు చాలు మా యంత్రానికి.
మిగిలిన కోటి వాక్యాలు అదే అంటుంది
ఆయన గొంతుతో,
ఆయన ఎన్నడూ అననివి కూడా.

అద్దాల గదిలో కూర్చోబెట్టి తలుపు మూశాను.
మొదటి వాక్యం: ఈ రోజు వాతావరణం ఆహ్లాదకరంగా ఉన్నది.
తెరని చూశాడు. నన్ను చూశాడు.
"గిట్ల ఎవరంటరు మేడం?
ఎండ దంచుతున్నదని రాయరాదు!"
ఎర్ర గుర్తు వెలిగింది:
పాఠంతో సరిపోలలేదు, మళ్లీ చదవండి.
చదివాడు,
ఆహ్లాదకరం మీద
స్పీడ్ బ్రేకర్ మీది బస్సులా ఎగిరిపడి.

నూట పన్నెండో వాక్యం దగ్గర దగ్గు.
నూట నలభై దగ్గర మళ్లీ.
దగ్గుల్ని కోసెయ్యడం నా పని.
ఊపిరి పీల్చిన చోటు, గుటక వేసిన చోటు,
"జర నీళ్లియ్యే" అని అండాలుని అడిగిన చోటు
కత్తిరించి ఒక ఫోల్డరులో వేస్తాం.
దాని పేరు చెత్త.

బోనాలు అయిపోయాక మళ్లీ వచ్చాడు.
మెడకి తెల్లగుడ్డ, చేతిలో మేమిచ్చిన పలక.
టికెట్లు చింపి చింపి అరిగిన బొటనవేలు
అక్షరాల కోసం తడుముకుంటుంటే
గదంతా ఆగి చూసింది, సిగ్నల్ పడ్డట్టు.

"అన్నం తిన్నవా అండాలూ" అంది పలక.
ఆయన గొంతే. ఆ గరుకే, చివర ఆ సాగదీతే.
అండాలు ముందు నవ్వింది.
"ముప్పై ఏండ్లల్ల ఒక్కపారన్న అడగలే గిట్ల."
తర్వాత పలకని చెవికి ఆనించుకొని
చాలాసేపు విన్నది,
అదేమీ మాట్లాడకపోయినా.
"దీనికి దగ్గు రాదా బిడ్డా?"

జవాబు వెతుక్కుంటుండగానే
పై అంతస్తు నుంచి కాగితాలు వచ్చాయి.
కొత్త ఎలక్ట్రిక్ బస్సులట. డ్రైవరుండడు, కండక్టరుండడు.
స్టాపుల పేర్లు పిలవడానికి ఒక గొంతు కావాలి,
ఈ గొంతు బాగా నచ్చిందట.
నాలుగో పేజీలో సంతకం చేస్తే చాలు,
ఏభై ఏళ్ల తర్వాత కూడా
ఇంకా పుట్టని పిల్ల ఎవరో
ఈయన పిలిస్తే లేచి, లకిడికాపూల్‌లో దిగుతుంది.

నాలుగో పేజీని వెలుతురుకి ఎత్తి పట్టి చూశాడు,
అనుమానం నోటుని చూసినట్టు.
తన సీటు తీసేసిన బస్సుకి
తన గొంతే అడుగుతున్నాం.
నేను కీబోర్డు మీది దుమ్ము చూస్తున్నాను.

బొటనవేలు కదిలింది. ఆగింది. కదిలింది.

"పిలవనియ్యుండ్రి.
కని ముసలోళ్లు రెండో కాలు పెట్టేదాంక రైట్ అనొద్దు.
చిల్లర లేదని ఎవ్వల్నీ
నా గొంతుతోని దిగుమనొద్దు."

ఫారంలో దానికి గడి లేదు.
ముందు పేజీలూ వెనక పేజీలూ తిప్పాను.
చివరికి అంచున పెన్నుతో రాశాను,
ఆయన అన్నట్టే, ఒక్క మాటా దిద్దకుండా.
పైన స్కాన్ చేసేటప్పుడు అంచులు పోతాయని
నాకు తెలుసు. ఆయనకి చెప్పలేదు.

ఆ రాత్రి అందరూ వెళ్లాక చెత్త తెరిచాను.
నూట పన్నెండో దగ్గు.
దాని వెనకాల, పనిలో పడి నేను వినని చప్పుడు:
ఎవరో ఫ్లాస్కు మూత తిప్పుతున్నారు,
తొందర తొందరగా.

ఫోల్డరు పేరు చెరిపేశాను.
ఏం పెట్టాలో తోచక
సోమవారం అని పెట్టాను.