సాచ్చికం

ఆ ఫోటో నేకపోతే
మా ఇంటాయన సచ్చిపోనట్టే కాదు.
"ఇక్కడెవులికీ ఏటీ అవనేదు" అన్నాడు మేస్త్రీ.
హాజరు పుస్తకంలో దాలినాయుడన్న పేరే నేదు.
టెక్కలి కొండ పగిలింది గానీ
రాయి ఎవులి మీద పడ్డాదో
రాయికే తెలీదంట.

లారీ క్లీనరు గుంటడు, పేరు సెప్పను,
వొణుకుతా తీసినాడొకటి.
వొంకరొచ్చింది. సగం టైరు, సగం ఆయన.
ఆ సగాన్నే పట్టుకోని
సిక్కోలు దాకా ఆఫీసుల మెట్లెక్కినాను.
ఒకాయన మొకం తిప్పేసుకున్నాడు.
తిప్పుకోకండి బాబూ, సూడండి, అన్నాను.
అన్నది ఈ నోరే.

మొన్న ట్యూషన్ కాడ
మా గుంట దమయంతికి ఎవులో సెల్లు సూపించినారు.
అయ్య కింద దండం బొమ్మలు, ఏడుపు బొమ్మలు,
ఆ కిందే సీరల సేలు.
అన్నం ముట్టనేదు.
"అమ్మా, నాన్న కాలు అలగెందుకున్నాది?"

ఆ కాల్లో తుమ్మముల్లు దిగితే
పిన్నీసుతో తీసింది నాను.
మూడు వాకిళ్ళవతలకి తెలవని కాలది.

గుంటడి కాడికెల్లి తీసీమన్నాను.
"నా సెల్లోంచి తీసేసినానక్కా,"
అని రెండు సేతులూ సాపి, ఇంకేటీ అననేదు.
ఆడి సేతులకింకా గ్రీజు.

సోమారం వాయిదా.
ఫోటోని ఆయన తువ్వాల్లో సుట్టి
రేషన్ కార్డు సంచిలో ఎట్టినాను.
జడ్జీగారడిగితే ఇప్పుతాను.
ఆరు సూసినంత సేపూ
తువ్వాలు సేతిలోనే ఉంచుకుంటాను,
ఎంటనే కప్పడానికి.